కొత్త ఏవియానిక్స్ పరికరానికి ధ్రువీకరణ పొందడం ఎలా?

"పరికరం తయారైంది, ల్యాబ్‌లో చక్కగా పనిచేస్తోంది, ఇక సర్టిఫికెట్ తెచ్చుకోవడమే మిగిలింది, ఎక్కడ దరఖాస్తు చేయాలి?" ఏవియానిక్స్, అంటే విమానంలో వాడే ఎలక్ట్రానిక్ పరికరాల రంగంలోకి కొత్తగా వచ్చే ఇంజనీర్లు, చిన్న సంస్థలు పదే పదే అడిగే ప్రశ్న ఇది. చిక్కు ప్రశ్నలోనే ఉంది. విమానయాన నియంత్రణ సంస్థ మీ పరికరాన్ని తీసుకుని తానే పరీక్షించి ఫలితం చెప్పదు. దాన్ని ఏ పని కోసం రూపొందించారో, ఆ పని చెడితే విమానానికి ఏమవుతుందో, చెడకుండా ఏ జాగ్రత్తలు తీసుకున్నారో మీరే రాసి, మీరే నిరూపించాలి. ఆ నిరూపణలో చాలా భాగం డిజైన్ జరుగుతున్న రోజుల్లోనే పుట్టాలి. అంతా అయ్యాక వెనక్కి వెళ్లి పత్రాలు తయారుచేయడం సాధ్యమే గాని, అలా చేసినవాళ్లు డిజైన్‌లో కొంత భాగాన్ని మళ్లీ చేయవలసి రావడం మామూలే.

ఈ వ్యాసం ప్రధానంగా విమానయాన నియంత్రణ సంస్థలైన అమెరికాలోని ఎఫ్‌ఏఏ, యూరప్‌లోని ఈఏఎస్‌ఏ పద్ధతులను అనుసరిస్తుంది. చాలా దేశాల నియమాలు వీటి నమూనాలోనే ఉంటాయి. భారత నియంత్రణ సంస్థ డీజీసీఏ వారి సీఏఆర్-21 నియమాల్లోనూ, రెండో మెట్టులో చెప్పబోయే టీఎస్‌ఓ లాంటి ఏర్పాటు ఐటీఎస్‌ఓ పేరుతో ఉంది.

మొదలుపెట్టే ముందు ఉండవలసినవి

- పరికరం ఏ తరగతి విమానాల కోసమో స్పష్టత. నియమావళిలో చిన్న విమానాలకు పార్ట్ 23, పెద్ద రవాణా విమానాలకు పార్ట్ 25, హెలికాప్టర్లకు పార్ట్ 27, 29 వర్తిస్తాయి.
- ప్రమాణ పత్రాల అధికారిక ప్రతులు: సాఫ్ట్‌వేర్‌కు డీఓ-178సీ, ఎలక్ట్రానిక్ హార్డ్‌వేర్‌కు డీఓ-254, పర్యావరణ పరీక్షలకు డీఓ-160జీ, వ్యవస్థ అభివృద్ధికి ఏఆర్‌పీ4754బీ, భద్రతా విశ్లేషణకు ఏఆర్‌పీ4761ఏ. మొదటి మూడింటికి యూరప్‌లో ఈడీ-12సీ, ఈడీ-80, ఈడీ-14జీ అన్న పేర్లున్నాయి, విషయం ఒకటే.
- మొదటి రోజు నుంచే నడిచే కాన్ఫిగరేషన్ నిర్వహణ (ఏ పత్రం, ఏ కోడ్, ఏ భాగం ఏ వెర్షన్‌లో ఉందో నమోదు చేయడం), లోపాలను నమోదు చేసే పద్ధతి.
- ఉత్పత్తికి నాణ్యతా వ్యవస్థ. ఒక మంచి నమూనా చేయగలగడం చాలదు. ప్రతి యూనిట్టూ ఆమోదం పొందిన డిజైన్‌లాగే వస్తుందని చూపాలి.
- డిజైన్ చేసినవారు కాకుండా, తనిఖీ చేయడానికి వేరే మనుషులు. చిన్న బృందాలు దీన్ని చివరికి వాయిదా వేస్తాయి, అక్కడే ఇరుక్కుంటాయి.
- ఈ దారిలో ఇంతకు ముందు నడిచిన ఒక నిపుణుడు. అమెరికాలో అయితే ఎఫ్‌ఏఏ తరఫున డేటాను ఆమోదించే అధికారమున్న డీఈఆర్‌లు ఉంటారు. ఖర్చు ఎక్కువే, కానీ ఇది దండగ ఖర్చు కాదు.

1. పరికరం చేసే పనిని ఒక పేజీలో రాయండి

"పైలట్‌కు ఉపయోగపడే సమాచారాన్ని చూపుతుంది" అన్న వాక్యంతో ఏ పనీ జరగదు. ఏ సమాచారం, ఎంత ఖచ్చితత్వంతో, ఎంత ఆలస్యంతో, ఏ దశలో, పైలట్ దాని ఆధారంగా ఏ నిర్ణయం తీసుకుంటాడు అన్నవన్నీ రాయాలి. విమానం వంపును చూపే తెర ఉందనుకోండి. మబ్బుల్లో ఎగిరేటప్పుడు పైలట్ దాన్నే నమ్ముకుంటాడా, లేక అది పక్కన ఉండే అదనపు సూచిక మాత్రమేనా? ఈ ఒక్క సమాధానాన్ని బట్టి మీ పని పరిమాణం ఎన్నో రెట్లు మారిపోతుంది.

హెచ్చరిక: పని తగ్గుతుందన్న ఆశతో "కేవలం సలహా కోసం" అని రాసి, తెరను మాత్రం పైలట్ కళ్లెదుట, ప్రధాన సూచికలాగే కనబడేలా పెట్టకండి. సమీక్షకులు మీ వాక్యంతో పాటు తెరను కూడా చూస్తారు.

సరిచూసుకోవడం: ఆ పేజీని ఈ ప్రాజెక్టుతో సంబంధం లేని పైలట్‌కు ఇచ్చి, పరికరాన్ని దేనికి వాడతారో, దేనికి వాడరో చెప్పమనండి. జవాబు మీ ఉద్దేశంతో కలవకపోతే పేజీని తిరగరాయండి.

2. ఏ దారిలో వెళ్లాలో తేల్చుకోండి

మొదటి దారి టీఎస్‌ఓ. ఒక రకం పరికరానికి ఉండవలసిన కనీస పనితీరును చెప్పే పత్రమిది. యూరప్‌లో దీన్ని ఈటీఎస్‌ఓ అంటారు. విమానం స్థానాన్ని 1090 మెగాహెర్ట్జ్‌పై ప్రసారం చేసే ఏడీఎస్-బీ పరికరానికి టీఎస్‌ఓ-సీ166, ఉపగ్రహ ఆధారిత నావిగేషన్ పరికరానికి టీఎస్‌ఓ-సీ146, భూతల హెచ్చరిక వ్యవస్థకు టీఎస్‌ఓ-సీ151, బహుళ ప్రయోజన తెరకు టీఎస్‌ఓ-సీ113 ఇలాంటివే. ఒక్క అంశంలో ప్రమాణాన్ని యథాతథంగా పాటించలేకపోతే మినహాయింపు అడగవచ్చు, అయితే అంతే భద్రతను వేరే మార్గంలో ఇస్తున్నట్టు చూపాలి.

రెండో దారిలో పరికరాన్ని విడిగా కాకుండా విమానంలో అమరికతో కలిపి ఆమోదింపజేసుకుంటారు. ఇప్పటికే ఎగురుతున్న విమానంలో మార్పుకు ఎస్‌టీసీ (అనుబంధ టైప్ సర్టిఫికెట్), విమాన తయారీదారుతో కలిసి చేస్తే టైప్ సర్టిఫికెట్ (విమాన మోడల్ డిజైన్‌కు ఇచ్చే ఆమోదం) లేదా దాని సవరణ. మీ పరికరం చేసే పనికి టీఎస్‌ఓ లేనే లేకపోతే ఇదే మార్గం. ఒకే తరహా అమరిక అనేక మోడళ్లకు పనికివస్తే, మోడళ్ల జాబితాతో కూడిన ఏఎంఎల్ ఎస్‌టీసీ అడగండి. ఒక్కో మోడల్‌కు విడిగా పరుగెత్తడం తప్పుతుంది. చిన్న విమానాల్లో తప్పనిసరి కాని, భద్రతను పెంచే పరికరాలకు ఎఫ్‌ఏఏ 2016లో నార్సీ అనే తేలికైన మార్గాన్ని కూడా తెచ్చింది.

టీఎస్‌ఓ ఆమోదం పరికరాన్ని విమానంలో అమర్చడానికి అనుమతి కాదు. ఈ రంగంలో అన్నిటికంటే ఎక్కువగా కనబడే అపోహ ఇదే, దీన్ని నమ్మి కొనుగోలుదారులకు తేదీలు ఇచ్చేసిన సంస్థలు తరువాత ఇబ్బంది పడతాయి. టీఎస్‌ఓ వచ్చాక కూడా ఎనిమిదో మెట్టు ఎక్కవలసిందే.

మీ సంస్థ అమెరికా వెలుపల ఉంటే ఎఫ్‌ఏఏ టీఎస్‌ఓ కోసం నేరుగా దరఖాస్తు చేయడం కుదరదు. ఆ దేశానికి, అమెరికాకు మధ్య తగిన ద్వైపాక్షిక ఒప్పందం ఉంటే మీ దేశపు నియంత్రణ సంస్థ ద్వారా వెళ్లాలి. ఎఫ్‌ఏఏ, ఈఏఎస్‌ఏలు మాత్రం ఒకరి టీఎస్‌ఓ ఆమోదాన్ని మరొకరు అంగీకరించే ఏర్పాటు చేసుకున్నాయి. ఈ విషయాన్ని డబ్బు ఖర్చు పెట్టకముందే తేల్చుకోండి.

3. భద్రతా విశ్లేషణ చేసి, డాల్ నిర్ణయించండి

పరికరం చేసే ప్రతి పనికీ రెండు ప్రశ్నలు వేసుకోండి: అది ఆగిపోతే ఏమవుతుంది? అది తప్పు చెబుతూ, తప్పని ఎవరికీ తెలియకపోతే ఏమవుతుంది? రెండో ప్రశ్నే ముఖ్యం. తెర నల్లబడితే పైలట్ ప్రత్యామ్నాయ సూచికను చూస్తాడు. ఇరువైపులా ప్రధాన తెరలు ఒకే తప్పుడు వంపును నమ్మకంగా చూపితే, ఆ ఆలోచన రాకముందే విమానం అదుపు తప్పవచ్చు.

పెద్ద రవాణా విమానాల్లో వాడే కొలమానం ప్రకారం, విమానాన్నే పోగొట్టే వైఫల్యం సంభావ్యత ఎగిరే ఒక్కో గంటకు వంద కోట్లలో ఒకటి లేదా అంతకంటే తక్కువ స్థాయిలో ఉండాలి. తీవ్రమైన ప్రమాదస్థితికి కోటిలో ఒకటి, దానికంటే తక్కువదైన పెద్ద వైఫల్యానికి లక్షలో ఒకటి. చిన్న విమానాలకు ఈ అంకెలు కొంత సడలుతాయి. సాఫ్ట్‌వేర్ తప్పులకు ఇలాంటి సంభావ్యత లెక్కకట్టలేం కాబట్టి, తీవ్రతను బట్టి 'ఏ' (అత్యంత కఠినం) నుంచి 'ఈ' దాకా డిజైన్ అష్యూరెన్స్ లెవెల్‌ను, అంటే డిజైన్‌ను ఎంత కఠినంగా నిరూపించాలో చెప్పే స్థాయి అయిన డాల్‌ను కేటాయిస్తారు.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాట్లు రెండు. ఒకటి, బడ్జెట్‌ను బట్టి ముందు డాల్ ఎంచుకుని, దానికి సరిపోయేలా విశ్లేషణ రాయడం. రెండు, "రెండు ఛానళ్లున్నాయి, ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుంది" అనుకుని, రెండింటిలోనూ అదే ప్రాసెసర్, అదే సాఫ్ట్‌వేర్, అదే విద్యుత్ సరఫరా ఉన్న సంగతి మరచిపోవడం. ఉమ్మడి కారణాల విశ్లేషణ లేకుండా జంట ఛానళ్ల వాదన నిలబడదు.

టీఎస్‌ఓ దారిలో వెళ్తున్నప్పుడు ఏ విమానంలో అమరుస్తారో మీకు తెలియదు. అందువల్ల మీరు ఊహించుకున్న పరిస్థితులన్నిటినీ అమరిక మాన్యువల్‌లో విప్పి రాయండి. రాయని ఊహ రేపు అమర్చేవారికి ఉచ్చు అవుతుంది.

4. నియంత్రణ సంస్థతో ముందే కూర్చోండి

ధ్రువీకరణ ప్రణాళిక, సాఫ్ట్‌వేర్‌కు పీశాక్, హార్డ్‌వేర్‌కు ఫాక్ అన్న ప్రణాళికలు సిద్ధం చేసి, కోడ్ రాయడం ఊపందుకోకముందే సమర్పించండి. కొత్తదనం ఏదైనా ఉంటే మొదటి సమావేశంలోనే చెప్పండి: మల్టీకోర్ ప్రాసెసర్, కొనుక్కొచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్, మోడల్ నుంచి దానంతట అదే పుట్టే కోడ్, బయటి నెట్‌వర్క్‌తో సంబంధం. మల్టీకోర్‌కు 20-193 అన్న మార్గదర్శక పత్రం ప్రత్యేకంగా ఉంది. సైబర్ భద్రతకు డీఓ-326ఏ ఉంది. ఉన్న నియమాల్లో ఇమడని విషయాలపై ఎఫ్‌ఏఏ ఇష్యూ పేపర్ రాస్తుంది, ఈఏఎస్‌ఏ సీఆర్‌ఐ రాస్తుంది. ఇవి మొదటి నెలల్లో వస్తే చర్చనీయాంశాలు, చివరి నెలల్లో వస్తే గండాలు.

సరిచూసుకోవడం: సమావేశంలో తలలూపడాన్ని అంగీకారంగా లెక్కించకండి. నిర్ణయాలను మినిట్స్‌గా రాసి పంపి, లిఖితపూర్వకంగా ఒప్పుకున్నాకే ముందుకు కదలండి.

5. సాఫ్ట్‌వేర్, హార్డ్‌వేర్ ఆధారాలను కూడబెట్టండి

సమయంలో, డబ్బులో పెద్ద వాటా ఇక్కడే పోతుంది. డీఓ-178సీలో 'ఏ' స్థాయికి 71, 'బీ'కి 69, 'సీ'కి 62, 'డీ'కి 26 లక్ష్యాలున్నాయి. అంకెలు చూసి 'సీ', 'ఏ' స్థాయిల మధ్య తేడా పెద్దగా లేదనుకోవద్దు. పరీక్షలు కోడ్‌ను ఎంత లోతుగా తాకాయో చూపడంలో సీ స్థాయికి ప్రతి స్టేట్‌మెంట్, బీకి ప్రతి నిర్ణయం కూడా, 'ఏ' స్థాయికి నిర్ణయంలోని ప్రతి షరతూ ఫలితాన్ని విడిగా మార్చగలదని చూపే ఎంసీ/డీసీ అవసరమవుతాయి. పై స్థాయిల్లో స్వతంత్ర తనిఖీ కోరే లక్ష్యాలూ పెరుగుతాయి.

ముందు వ్యవస్థ రిక్వైర్‌మెంట్లు, వాటి నుంచి సాఫ్ట్‌వేర్ పైస్థాయి రిక్వైర్‌మెంట్లు, ఆపైన కిందిస్థాయివి, తరువాత కోడ్, వాటన్నిటికీ పరీక్షలు: ఈ గొలుసు రెండు దిశల్లోనూ తెగకుండా ఉండాలి. పై రిక్వైర్‌మెంట్ నుంచి నేరుగా రాకుండా డిజైన్‌లో పుట్టుకొచ్చేవి కొన్ని ఉంటాయి. వాటిని భద్రతా విశ్లేషణ చేసేవారికి తిరిగి పంపడం తప్పనిసరి. సమీక్షల్లో తరచుగా తెగిపోయి కనబడే లంకె ఇదే.

ఇతర పొరపాట్లు:

- కోడ్ చూసి రిక్వైర్‌మెంట్ రాయడం. అలా రాసిన వాక్యం కోడ్‌లోని తప్పును కూడా నియమంగా మార్చేస్తుంది.
- కవరేజీ (పరీక్షలు తాకిన కోడ్ వాటా) తక్కువ వచ్చిందని, అంకె పెంచడం కోసమే పరీక్షలు రాయడం. కవరేజీలో ఖాళీ కనబడితే ముందు కారణం వెతకండి: రిక్వైర్‌మెంట్ తప్పిపోయిందా, పరీక్ష చాలలేదా, ఎన్నటికీ నడవని కోడ్ మిగిలిపోయిందా? చివరిదైతే తీసేయాలి.
- సాధనాన్ని నమ్మి తనిఖీని మానేసి, ఆ సాధనానికి డీఓ-330 ప్రకారం అర్హత చూపకపోవడం.
- మాడ్యూళ్ల మధ్య డేటా, కంట్రోల్ సంబంధాల విశ్లేషణను చివరి వారానికి వదిలేయడం.
- ఎఫ్‌పీజీఏను (లోపలి తర్కాన్ని మనమే ప్రోగ్రామ్ చేసుకునే చిప్) "ఇది హార్డ్‌వేరే కదా" అని వదిలేయడం. సంక్లిష్టమైన ఎఫ్‌పీజీఏకు డీఓ-254 వర్తిస్తుంది, దాని తర్కాన్ని వర్ణించే వీహెచ్‌డీఎల్ కోడ్‌కు కూడా ప్రణాళిక, సమీక్ష, పరీక్షలు ఉండాలి.

సమీక్షలు సాధారణంగా ప్రణాళిక, అభివృద్ధి, తనిఖీ, ముగింపు అన్న నాలుగు దశల్లో జరుగుతాయి. ప్రతి దశకూ ముందు మీరే ఒక నమూనా తనిఖీ చేయండి. పది రిక్వైర్‌మెంట్లను యాదృచ్ఛికంగా తీసి పరీక్షా ఫలితం దాకా దిగండి. పది ఫంక్షన్లను తీసి రిక్వైర్‌మెంట్ దాకా ఎక్కండి. ఇరవైలో ఒక్కటి తెగినా, ఆ ఒక్కదాన్ని అతికించి ఊరుకోకుండా, ఎందుకు తెగిందో కనుక్కోండి. సమీక్షకుడు చేసేదీ అదే.

6. పర్యావరణ పరీక్షలు జరిపించండి

ఉష్ణోగ్రత, ఎత్తు, తేమ, కంపనం, విద్యుత్ సరఫరాలో ఒడిదుడుకులు, రేడియో తరంగాలు, పిడుగు ప్రభావం వంటి పరీక్షలన్నీ డీఓ-160జీలో ఉన్నాయి. ప్రతి పరీక్షకూ కేటగిరీలుంటాయి, వాటిని ఎంచుకోవలసింది మీరే. హెలికాప్టర్ కంపనం జెట్ విమాన కంపనంలాంటిది కాదు. మిశ్రమ పదార్థాల బాడీ ఉన్న విమానంలో పిడుగు ప్రభావం లోహపు విమానంలో ఉన్నట్టు ఉండదు. తేలికైన కేటగిరీలో పాసై, తరువాత ఏ విమానానికీ సరిపోకపోతే పరీక్ష మళ్లీ చేయాలి. అమ్మాలనుకున్న విమానాల్లో అత్యంత కఠినమైనదాన్ని లెక్కలోకి తీసుకోండి.

డీఓ-160జీ పరీక్ష ఎలా చేయాలో చెబుతుంది. చాలా పరీక్షల్లో పాసో ఫెయిలో చెప్పదు. ఆ గీతను పరికర ప్రమాణం నుంచి తీసుకుని, మీరే పరీక్షా ప్రణాళికలో ముందుగా రాయాలి. "పరికరం పనిచేస్తూనే ఉంది" అన్నది ఫలితం కాదు. ఏ పారామీటర్ ఎంత వరకు కదలవచ్చో, కొలిచినది ఎంతో ఉండాలి.

పరీక్షకు ముందు, పరీక్షించబోయే యూనిట్ డ్రాయింగులతో సరిపోలిందని తనిఖీ చేసి నమోదు చేయాలి. దీన్ని కన్ఫర్మిటీ తనిఖీ అంటారు. యూనిట్‌తో పాటు పరీక్షా అమరికనూ తనిఖీ చేయించండి. ల్యాబ్‌లో చేతికందిన షీల్డెడ్ కేబుల్ వాడి రేడియో తరంగాల పరీక్షలో పాసైతే, అమరిక మాన్యువల్‌లోనూ అదే కేబుల్‌ను కోరవలసి ఉంటుంది. పరీక్ష మధ్యలో కేబుల్‌కు ఫెరైట్ (రేడియో అంతరాయాన్ని అణిచే చిన్న రింగు) తగిలించి పాసయ్యారా? అది ఇకపై డిజైన్‌లో భాగమే, డ్రాయింగ్‌లోకి ఎక్కాలి.

ఒకే యూనిట్‌పై వరుసగా చేస్తుంటే క్రమం చూసుకోండి: బూజు పరీక్షను ఉప్పు తుంపర పరీక్షకు ముందే చేయాలి, ఇసుక-ధూళి పరీక్షను వాటి తరువాతే చేయాలి. అయస్కాంత ప్రభావ పరీక్ష చిన్నది, చౌకది. అయినా దిక్సూచికి ఎంత దూరంలో ఉంచాలో తేల్చేది అదే కాబట్టి మానకండి.

7. దరఖాస్తు ప్యాకేజీ పంపండి

టీఎస్‌ఓకు నిబంధనలను పాటించామన్న ప్రకటన, ఆ టీఎస్‌ఓ కోరిన సాంకేతిక డేటా, నాణ్యతా మాన్యువల్ పంపాలి. సాఫ్ట్‌వేర్‌లో పరిష్కరించని లోపాలేవైనా ఉంటే దాచకుండా, ప్రతి ఒక్కటీ విమానం మీద ఏ ప్రభావం చూపుతుందో రాయండి. టీఎస్‌ఓ పరిధిలో లేని అదనపు పనులను కూడా ప్రకటించాలి. మోడల్ నంబర్ తరువాత ఖాళీ బ్రాకెట్లు పెట్టి దరఖాస్తు చేసుకుంటే, చిన్న మార్పులకు అక్షరాలు చేర్చుకుంటూ పోవచ్చు. ఆమోదం రాకముందే టీఎస్‌ఓ గుర్తుతో లేబుళ్లు అచ్చువేసి అంటించకండి.

8. విమానంలో అమరికకు ఆమోదం తీసుకోండి

ఇక్కడ ప్రశ్నలు మారతాయి. ఈ విమానపు విద్యుత్ సరఫరా చాలుతుందా, వైరింగ్ సరైన మార్గంలో వెళ్తోందా, రేడియోలకు అంతరాయం కలుగుతోందా, ఎండలో తెర చదవగలుగుతున్నారా, హెచ్చరికల రంగులు కాక్‌పిట్‌లోని మిగతావాటితో కలుస్తున్నాయా? పెద్ద విమానాలకు వ్యవస్థల వైఫల్య భద్రతకు సంబంధించిన 25.1309తో పాటు పిడుగుకు 25.1316, బలమైన రేడియో క్షేత్రాలకు 25.1317, సిబ్బంది వాడకానికి 25.1302, హెచ్చరికలకు 25.1322 నిబంధనలు చూడాలి. నేలమీది పరీక్షలు ముగిశాక, ఎఫ్‌ఏఏ పద్ధతిలో టీఐఏ అన్న అనుమతి వచ్చాకే ధ్రువీకరణకు లెక్కలోకి వచ్చే విమాన పరీక్షలు జరుగుతాయి. అంతకు ముందు సొంతంగా ఎగిరిన గంటలు మీ నమ్మకానికి పనికివస్తాయి గాని, ఆధారంగా నిలవకపోవచ్చు.

ఫ్లైట్ మాన్యువల్ అనుబంధం, నిర్వహణ సూచనలు కూడా ఆమోదంలో భాగమే. విశ్లేషణలో "ఈ తనిఖీ ఫలానా గంటలకోసారి చేస్తారు" అని లెక్కలోకి తీసుకుని, నిర్వహణ సూచనల్లో ఆ తనిఖీ రాయడం మరచిపోతే లెక్క మొత్తం కూలుతుంది. రెండు పత్రాలనూ పక్కపక్కన పెట్టి చదవండి.

9. ఆమోదం తరువాతి బాధ్యతలు

నియమాల్లో పేర్కొన్న రకం వైఫల్యం జరిగిందని నిర్ధారణ అయితే ఎఫ్‌ఏఏకు 24 గంటల్లో, ఈఏఎస్‌ఏకు 72 గంటల్లో తెలియజేయాలి. ఎవరు, ఏ నంబరుకు, సెలవు రోజున ఎలా అన్నది ముందే రాసిపెట్టుకోండి. ఎఫ్‌ఏఏ టీఎస్‌ఓ అధికారపత్రాన్ని వేరొకరికి బదిలీ చేయడం కుదరదు. సంస్థను అమ్మే ఆలోచన ఉంటే ఇది గుర్తుంచుకోండి.

చిన్న మార్పులను మీరే చేసుకోవచ్చు, డేటాను మాత్రం నియంత్రణ సంస్థకు పంపాలి. పెద్ద మార్పయితే కొత్త మోడల్ పేరుతో కొత్త దరఖాస్తు. ఏది చిన్నదో తేల్చడంలోనే తగాదాలు వస్తాయి: మార్కెట్‌లో దొరకని మెమరీ చిప్ బదులు "సరిగ్గా అలాంటిదే" పెట్టినా, సమయాలు మారి సాఫ్ట్‌వేర్ పరీక్షలు, వేడి పెరిగి ఉష్ణోగ్రత పరీక్షలు, సిగ్నల్ అంచుల వేగం మారి రేడియో ఉద్గారాల పరీక్షలు ప్రశ్నార్థకం కావచ్చు. కాబట్టి ప్రతి మార్పుకూ, భాగాన్ని కొనడానికి ఆర్డరు పెట్టకముందే, ఏ పాత ఆధారం ఇంకా చెల్లుతుందో, ఏది చెల్లదో వరుసగా రాసిన ప్రభావ విశ్లేషణను కాన్ఫిగరేషన్ రికార్డుకు జతచేసి, డిజైన్ చేసినవారు కాని వేరొకరి చేత సంతకం పెట్టించండి.